సంపూర్ణమ్మ బొటనవేలు

సంపూర్ణమ్మకి చదువు రాదు. నాకు వచ్చు. మా ఇంట్లో జరిగిన అనర్థానికి మూలం ఇదే, మిగతాదంతా వివరణ.

ఇది సంపూర్ణమ్మ కథ. మావాళ్ళనడిగితే కాదంటారు. లహరి కథ అంటారు, లేకపోతే మా ఇంటికి తగిలిన దిష్టి కథ అంటారు. ఊళ్ళో వాన కురిసినా అది తమ కోసమే కురిసిందనో, తమ మీద కక్షతో కురిసిందనో అనుకునే కుటుంబం మాది. అందుకే ముందు ఆవిడ సంగతి చెప్పి, తర్వాత మా సంగతికి వస్తాను.

చల్లపల్లిలో పురుడు వచ్చిన ఇళ్ళకి వెళ్ళి బాలింతకీ బిడ్డకీ నీళ్ళు పోయడం ఆవిడ పని. డెబ్భై ఏడు ఉప్పెనలో దివిసీమలో ఇల్లూ మనుషులూ పోయాక ఇటు వచ్చిందని, అప్పటికి ఆవిడకి ముప్ఫై కూడా నిండలేదని మా అమ్మ చెప్పేది. ఆవిడ మాత్రం ఆ మాట ఎత్తేది కాదు. ఎవరైనా జాలిగా అడగబోతే, నీళ్ళు కాగాయా అని అడిగేది. ఆ తర్వాతి పదిహేడేళ్ళలో మా వీధిలో ఆవిడ కాళ్ళ మీద పడుకోని పసిబిడ్డ లేదు. పెరట్లో పీట వేసుకుని కాళ్ళు బారజాపి, బిడ్డని వాటి మీద పడుకోబెట్టుకుని, నూనె మర్దన చేసి, నీళ్ళ వేడి మోచేత్తో చూసి పోసేది. పిల్లలు ఏడ్చేవాళ్ళు కాదని అనను, ఏడ్చేవాళ్ళు. కానీ సాంబ్రాణి పొగ పెట్టి గుడ్డలో చుట్టేసరికి నిద్రలోకి జారుకునేవాళ్ళు. పదకొండో రోజున ఒక చీర, కొన్ని బియ్యం ఇచ్చేవాళ్ళం. ఆ చీరని ఇంటికెళ్ళేదాకా విప్పి చూసేది కాదు.

ఆవిడకి రెండు అలవాట్లు ఉండేవి. నీళ్ళు పోసే ముందు బిడ్డని వెలుతురులోకి తెచ్చి, నుదుటి మీద బొటనవేలితో నొక్కి వదిలేది. నొక్కినచోట రంగు ఎలా ఉందో చూసేది. తర్వాత రొమ్ము మీద, ఆ తర్వాత అరికాలి మీద. అదేదో దిష్టి చూడటం అనుకునేవాళ్ళం మేం. రెండో అలవాటు, మొదటి వారం రోజులూ బిడ్డకి పసుపు రాయకపోవడం. పసుపు తల్లికి రాసుకోండి, బిడ్డ ఒంటి రంగు నాకు తెలియాలి అనేది. ఆవిడకి ఇవి ఎవరు నేర్పారో తెలియదు. బహుశా పిల్లలే నేర్పి ఉంటారు. పిల్లల్ని జాగ్రత్తగా చూసేవాళ్ళకి ఇంకెవరూ నేర్పక్కర్లేదు.

ఇక మా సంగతి. నేను జిల్లా పరిషత్ హైస్కూల్లో నేచురల్ సైన్స్ టీచర్ని. పేరు శాంతకుమారి. పదో తరగతికి రక్తవర్గాల పాఠం చెప్పేదాన్ని. తల్లి రక్తం నెగటివ్, తండ్రిది పాజిటివ్ అయితే, బిడ్డ తండ్రిలాగా పాజిటివ్ అయినప్పుడు ఆ రక్తం కాస్త తల్లిలో కలుస్తుందని, తల్లి ఒళ్ళు దాన్ని శత్రువుగా గుర్తు పెట్టుకుంటుందని, మొదటి బిడ్డకి భయం లేదు గానీ తర్వాతి బిడ్డ రక్తాన్ని అది విరిచేస్తుందని ఎర్ర సుద్దముక్కతో బొమ్మలు గీసి చెప్పేదాన్ని. పిల్లల చేత మూడుసార్లు అనిపించేదాన్ని. ఆ ప్రశ్నకి నా క్లాసులో ఎవరూ తప్పు రాసేవాళ్ళు కాదు. తప్పు చేసింది నేనొక్కదాన్నే.

మా అన్నయ్య అచ్యుతరామారావు మండలాఫీసులో సీనియర్ అసిస్టెంటు. తన బల్ల మీదికి వచ్చిన ఏ కాగితమైనా వారం రోజులు నానితే గానీ పక్వానికి రాదని నమ్మిన మనిషి. మా వదిన సుబ్బరత్నం లోకంలోని విషయాలన్నిటినీ రెండుగా విడదీసింది. నలుగురికీ చెప్పేవి, నలుగురికీ చెప్పకూడనివి. ఆ రెండో మూట చాలా పెద్దది. వాళ్ళకి ఒక్కతే కూతురు, నాగవల్లి. పెళ్ళి చేసుకోని నేను ఆ ఇంట్లోనే వెనక వాటాలో ఉండేదాన్ని, కాబట్టి అన్నీ నాకు తెలుసు. తెలియదని తప్పించుకునే దారి కూడా నాకు లేదు.

తొంభై మూడు మార్చిలో నాగవల్లిని వదిన తన తమ్ముడి కొడుకు జయదేవ్‌కిచ్చి పెళ్ళి చేసింది. మేనరికం. అతను విజయవాడ వన్ టౌన్‌లో ఒక హోల్‌సేల్ మందుల షాపులో ఆర్డర్లు చూసేవాడు. నెమ్మదస్తుడు, మాట తక్కువ. అతని తల్లి మాత్రం మేనరికం వద్దని మొదట్నుంచీ అన్నది. ఆడపడుచు పోరు పడలేక ఒప్పుకుంది. అందుకని వదినకి ఆవిడంటే లోపల బెదురు. కూతురి విషయంలో ఏ చిన్న లోపం బయటపడ్డా, నేను ముందే చెప్పాను కదా అంటుందని.

ఆషాఢం వచ్చింది. కొత్త కోడలు ఆ నెల అత్తగారింట్లో ఉండకూడదు కనక నాగవల్లి పుట్టింటికి వచ్చింది. అప్పటికి మూడో నెల, ఇంకా ఎవరికీ చెప్పలేదు. వచ్చిన పది రోజులకి పొద్దున కడుపునొప్పి మొదలై మధ్యాహ్నానికల్లా ఆ గర్భం పోయింది. వదిన వాము కషాయం కాచి ఇచ్చింది, దుప్పట్లు తనే ఉతికింది, అన్నయ్యనీ నన్నూ కూర్చోబెట్టి ఈ సంగతి గడప దాటకూడదని చెప్పింది. డాక్టరు దగ్గరికి తీసుకెళ్దామని నేను అన్నాను. అన్నానంతే. నర్సింగ్ హోమ్‌లో ఎవరో ఒకరు చూస్తారు, ఆ నోటా ఈ నోటా తమ్ముడి భార్య దాకా వెళ్తుంది అంది వదిన. అన్నయ్య వారం ఆగి చూద్దామన్నాడు.

ఆ రోజు ఏ డాక్టరైనా నాగవల్లి రక్తం పరీక్ష చేసి, తల్లి ఒళ్ళు ఆ శత్రువుని గుర్తు పెట్టుకోకుండా మూడు రోజుల్లోపల ఒక్క ఇంజక్షన్ ఇచ్చి ఉంటే ఈ కథ ఉండేది కాదు. ఆ ఇంజక్షన్లు జయదేవ్ పనిచేసే షాపు ఫ్రిజ్‌లో ఉండేవి. అతనే వాటిని ఐసుగడ్డల మధ్య పెట్టి ఊరూరి ఆసుపత్రులకి పంపేవాడు. మా పరువు వాటికంటే చల్లగా, భద్రంగా మా ఇంట్లో ఉంది.

మరుసటి ఏడు నాగవల్లి మళ్ళీ నెల తప్పింది. ఈసారి అందరికీ చెప్పేశారు, తొలిచూలు అని. ఏడో నెలలో పురిటికి తీసుకొచ్చారు. చల్లపల్లి నర్సింగ్ హోమ్‌లో డాక్టరమ్మ రక్తం చూసి బి నెగటివ్ అని కార్డు మీద ఎర్రసిరాతో రాసింది. ఇంతకుముందు ఏమైనా నెల తప్పి పోవడం జరిగిందా అని అడిగింది. లేదండీ, తొలిచూలేనండీ అంది వదిన. నాగవల్లి చేతిలో రుమాలు మడతలు పెట్టుకుంటోంది. పక్క కుర్చీలో నేను కూర్చుని ఉన్నాను. ఇంటికొచ్చి అందరికీ నేను పాఠం చెప్పాను. నెగటివ్ అయినా మొదటి బిడ్డకి భయం లేదని, పుస్తకంలో ఉందని. ఆషాఢంలో జరిగిందీ, ఎర్ర సుద్దముక్కతో నేను గీసే బొమ్మా రెండూ నా బుర్రలోనే ఉన్నాయి. రెంటినీ పక్కపక్కన పెట్టి చూడాలని ఆ బుర్రకి తోచలేదు.

నవంబరు నెలాఖరున, బుధవారం నాడు లహరి పుట్టింది. తల్లిది నెగటివ్ కాబట్టి బిడ్డని రెండు రోజులు కనిపెట్టి చూడాలి, ఇక్కడే ఉంచండి అంది డాక్టరమ్మ. శుక్రవారం అమావాస్య. అమావాస్య ఘడియల్లో బిడ్డ ఆసుపత్రిలో ఉండకూడదని, గురువారం మధ్యాహ్నమే సంతకం పెట్టి తీసుకొచ్చేశాడు అన్నయ్య. ఆఫీసులో ఎన్నడూ అంత చురుగ్గా సంతకం పెట్టిన మనిషి కాదు.

చలికాలం. గాలి తగలకూడదని పురిటిగది కిటికీలకి దుప్పట్లు కట్టారు. లోపల వెలిగీ వెలగని ఒక బల్బు. గురువారం సాయంత్రం సంపూర్ణమ్మ వచ్చి మొదటిసారి నీళ్ళు పోసింది. బిడ్డ కాస్త చామనఛాయ. ఛాయ తేలాలని వదిన గిన్నె నిండా పసుపు కలిపించి రాయమంది. ఇప్పుడే వద్దమ్మా అంది సంపూర్ణమ్మ. మా ఇంటి బిడ్డకి ఏం రాయాలో నువ్వా చెప్పేది అంది వదిన. సంపూర్ణమ్మ రాసింది. శుక్రవారం కూడా రాయించారు. పసుపు పూసిన బిడ్డని చీకటిగదిలో ఉంచి, ఎంత కళగా ఉందో అని మురిసిపోయాం.

శనివారం పొద్దున ఆవిడ పసుపు గిన్నె ముట్టుకోలేదు. బిడ్డని గుడ్డలో చుట్టి ఎవరినీ అడక్కుండా పెరట్లోకి, ఎండలోకి తీసుకొచ్చింది. పురిటిబిడ్డని గడప దాటించిందని వదిన కేకలు వేస్తూ వెనకే వచ్చింది. సంపూర్ణమ్మ నుదుటి మీద నొక్కి చూసింది, రొమ్ము మీద నొక్కింది, అరికాలి మీద నొక్కింది. తర్వాత బిడ్డ కనురెప్ప మెల్లిగా ఎత్తి చూసి వదిన వైపు తిరిగింది.

"కళ్ళల్లో కూడా పసుపు రాశారా అమ్మా?"

స్కూలుకి బయల్దేరబోతున్న నన్ను పిలిచారు, సైన్సు తెలిసినదాన్నని. నేను చూశాను. పుట్టిన పిల్లల్లో సగానికి పైగా కామెర్లు వస్తాయని, వారంలో వాటంతటవే పోతాయని, పొద్దుటెండ చూపిస్తే చాలని చెప్పాను. అది అబద్ధం కాదు. మామూలు పిల్లల విషయంలో అక్షరాలా నిజం.

"ఆగి వచ్చే పసుపైతే పోద్ది టీచరమ్మా," అంది సంపూర్ణమ్మ. "ఇది ముందే వచ్చింది. అరికాలికి దిగింది. అరికాలికి దిగింది ఎండకి పోదు. డాక్టరమ్మకి చూపించండి."

పదకొండో రోజు బారసాలయ్యాక చూపిద్దామన్నాడు అన్నయ్య. నాకు మొదటి పీరియడ్‌కి టైమైంది.

ఆదివారం లహరి పాలు తాగడం మానేసింది. సన్నగా, కీచుగా ఏడుస్తూ మెడ వెనక్కి విరుచుకుంది. సంపూర్ణమ్మ ఆ రోజు నీళ్ళు పోయలేదు. బిడ్డని ఒక్కసారి ఎత్తుకుని చూసి, తిరిగి తల్లి పక్కన పడుకోబెట్టి, మాట్లాడకుండా బయటికి వెళ్ళిపోయింది. అలిగిందనుకున్నాం. గంటలో డాక్టరమ్మని రిక్షాలో ఎక్కించుకుని వచ్చింది. డాక్టరమ్మ కిటికీకి కట్టిన దుప్పటి ఒక్కటి లాగి చూసి, ఇప్పుడే విజయవాడ తీసుకెళ్ళండి, కారు పిలవండి అంది.

కారు కూచిపూడి, పామర్రు, ఉయ్యూరు దాటేదాకా వదిన తిడుతూనే ఉంది. తిట్టింది రోగాన్ని కాదు, సంపూర్ణమ్మని. డాక్టర్ని ఇంటి మీదికి తెచ్చి వీధివాళ్ళంతా గుమ్మాల్లోకి వచ్చి చూసేలా చేసిందట. నాగవల్లి బిడ్డని ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. ముందు సీట్లో నేను వెనక్కి తిరిగి చూడలేదు.

విజయవాడలో పిల్లల డాక్టరు హన్నా గారు. ఆవిడ బిడ్డని వెలుతురులో పెట్టి నుదుటి మీద బొటనవేలితో నొక్కింది. తర్వాత రొమ్ము మీద, తర్వాత అరికాలి మీద. హన్నా గారు గబగబా ప్రశ్నలు వేసింది. మేనరికమా అని అడిగింది. కాదండీ, బయటి సంబంధమేనండీ అంది వదిన. ఆ పక్కనే జయదేవ్, పుట్టినప్పట్నుంచీ ఆవిడని అత్తా అని పిలిచే మేనల్లుడు, నిలబడి ఉన్నాడు. కడుపుతో ఉన్నప్పుడు జ్వరం గానీ, ఒంటి మీద దద్దుర్లు గానీ వచ్చాయా అని అడిగింది. నాలుగో నెలలో రెండు రోజులు ఒళ్ళు పేలిన మాట నిజమే, వేడి చేసిందనుకున్నాం. దానికీ లేదనే చెప్పింది వదిన. ఇంతకుముందు గర్భం ఏమైనా పోయిందా అంటే, లేదండీ, తొలిచూలేనండీ.

"తొలిచూలుకి రక్తం పడక ఇంత తీవ్రంగా రావడం చాలా అరుదే," అంది హన్నా గారు, తనలో తను అనుకున్నట్టు.

తల్లికి తెలియకుండా సోకిన ఏదైనా ఇన్ఫెక్షన్ కడుపులో బిడ్డకి పాకిందేమోనని ఆ వైపు పరీక్షలు మొదలుపెట్టింది. ఆవిడని తప్పు పట్టడానికి లేదు. మేం చెప్పిన దాన్ని బట్టి ఆవిడ వెతికింది. సాయంత్రానికి రక్త పరీక్షలు తిరిగి అసలు చోటికే తెచ్చాయి. బిడ్డ ఒంట్లో రక్తం కొంచెం కొంచెంగా తీసి, కొత్త రక్తం ఎక్కించారు. లహరి బతికింది. కానీ ఆ పచ్చరంగు అప్పటికే మెదడులోకి వెళ్ళిపోయింది. సగం పూట ఆలస్యం మా వదిన నోటి వల్ల, ఒక రోజు ఆలస్యం నా చదువు వల్ల, రెండు రోజుల ఆలస్యం పసుపు వల్లా అమావాస్య వల్లా.

ఎనిమిది నెలలొచ్చినా లహరి మెడ నిలబెట్టలేదు. చేతులూ కాళ్ళూ తన మాట వినకుండా మెలికలు తిరిగేవి. చప్పుడు చేస్తే తిరిగి చూసేది కాదు. సెరిబ్రల్ పాల్సీ అని, చెవులు కూడా దెబ్బతిన్నాయని హన్నా గారు చెప్పింది. బుద్ధి మాత్రం చెక్కుచెదరలేదని కూడా చెప్పింది. అది మేం చెప్పించుకోనవసరం లేదు. వదిన అబద్ధం చెబుతున్నప్పుడల్లా ఆ పిల్ల ఆవిడ మొహంలోకి కన్నార్పకుండా చూసేది.

మా ఇంట్లో ఇప్పుడు ఒక కారణం కావాలి. నిజమైనది ఉంది గానీ అది రెండో మూటలోది. జయదేవ్ తల్లి చూడటానికి వస్తున్న రోజున వదినకి కారణం దొరికింది. నీళ్ళు పోసేటప్పుడు సంపూర్ణమ్మ మెడ నరం తిప్పేసింది. మోటుచేతులు. కాళ్ళ మీద వేసుకుని ఎలా పడితే అలా తిప్పేది కదా. ఆ మాట ముందు గదిలో పుట్టి, సాయంత్రానికి వీధి చివర రత్తయ్య కొట్టు దాకా వెళ్ళింది. అక్కడ్నుంచి ఊళ్ళోకి వెళ్ళడానికి వారం పట్టలేదు. అన్నయ్య జీవితంలో ఇంత తొందరగా కదిలిన కాగితం ఇంకొకటి లేదు.

ఊరు నమ్మింది. కామెర్లంటే కనిపించనిది, రక్తవర్గమంటే అర్థం కానిది, సంపూర్ణమ్మ చేతులు మాత్రం అందరూ చూసినవి. వాటిల్లో పెరిగిన పిల్లలు నిక్షేపంగా బళ్ళకి పోతున్నారు, వాళ్ళ తల్లులు కూడా నమ్మారు. ఆ సంవత్సరం పురుడు వచ్చిన ఇళ్ళవాళ్ళు ఒక్కరొక్కరే ఆవిడని పిలవడం మానేశారు. ఒకసారి ఆవిడ మా గుమ్మం దాకా వచ్చింది. లోపలికి రాలేదు. ఏమండీ, నా చెయ్యి పిల్లనేం చెయ్యలేదని మీకు తెలుసు గదా, ఆ ముక్క నలుగురికీ చెప్పండి అని అన్నయ్యని అడిగింది. మేమేమన్నాం, మేమేమీ అనలేదే అన్నాడు అన్నయ్య. నేను వెనక వాటాలో పేపర్లు దిద్దుతున్నాను. ప్రతి మాటా వినిపించింది. ఆ తర్వాత ఆవిడ బస్టాండు దగ్గర టిఫిన్ హోటల్లో గిన్నెలు తోమడానికి కుదిరింది.

తొంభై ఎనిమిదిలో నాగవల్లి మళ్ళీ కడుపుతో ఉంది. ఈసారి పుట్టింటికి రానని చెప్పింది. విజయవాడలోనే ఉండి, తల్లి పక్కన లేకుండా చూసుకుని హన్నా గారి దగ్గరికి వెళ్ళి, ఆషాఢం సంగతీ, మేనరికం సంగతీ, దద్దుర్ల సంగతీ అన్నీ తనే చెప్పింది. మొదటి గర్భం పోయినప్పుడే తల్లి రక్తం శత్రువుని గుర్తు పెట్టుకుందని, ఈ బిడ్డకి లహరి కంటే ఎక్కువ ప్రమాదమని హన్నా గారు ఇంకో పెద్ద డాక్టరుకి అప్పగించింది. నెలనెలా రక్తం చూశారు. కాన్పు గదిలో కొత్త రక్తం సీసాలు సిద్ధంగా పెట్టుకుని కూర్చున్నారు. పిల్లవాడు పుట్టాడు. బొడ్డు రక్తం పరీక్ష చేస్తే నెగటివ్. తల్లి రక్తమే. శత్రువు కాదు కాబట్టి ఆమె ఒళ్ళు వాడిని ముట్టుకోలేదు. ఒక్క చుక్క రక్తం మార్చాల్సిన పని లేకపోయింది.

బొమ్మాబొరుసులాంటిది అది. జయదేవ్ రక్తంలో పాజిటివ్ పక్కన ఒక నెగటివ్ దాగి ఉండి, ఈసారి అది బిడ్డకి వచ్చింది. ఆ దాగి ఉన్నది వదిన పుట్టింటి వైపు నుంచే వచ్చి ఉండొచ్చు. అంటే డాక్టరు దగ్గర దాచిన ఆ మేనరికమే ఈ పిల్లవాడిని కాపాడి ఉండొచ్చు. ఇదంతా నేను బోర్డు మీద నాలుగు గళ్ళు గీసి పదో తరగతి పిల్లలకి చెప్పగలను. మా ఇంట్లో చెప్పడానికి బోర్డు లేదు.

వదిన లెక్క వేరు. ఆవిడ చేయించిన పూజ ఫలించింది. అంతకంటే ముఖ్యం, ఈ పిల్లవాడి మీద సంపూర్ణమ్మ చెయ్యి పడలేదు. అందుకే బంగారంలా ఉన్నాడు. వినీల్ అని పేరు పెట్టిన బారసాల నాడు ఉయ్యాల పక్కన కూర్చుని ఈ మాట ఎన్నిసార్లు అందో. విన్నవాళ్ళు తలలు ఊపారు. లహరి పుట్టినప్పుడు అది అనుమానం, వినీల్ పుట్టాక అది రుజువు.

ఆ మర్నాడు నేను ఒక చీర కొని కాలవగట్టు మీద సంపూర్ణమ్మ ఇంటికి వెళ్ళాను. మంచి చీరే. నాలుగేళ్ళు నోరు మూసుకున్నదానికి అది ఎలా సరిపోతుందనుకున్నానో నాకే తెలియదు. ఆషాఢం నుంచి వినీల్ రక్తం దాకా అంతా చెప్పాను. ఆవిడ చాట ఒళ్ళో పెట్టుకుని బియ్యంలో రాళ్ళు ఏరుతూ విన్నది.

"ఇయ్యన్నీ నాకెందుకు చెప్తన్నారు టీచరమ్మా? నా చెయ్యి ఏం చేసిందో నాకు తెలవదా? తెలవంది ఊరికి. ఊళ్ళో చెప్పండి."

చీర తీసుకోలేదు. నీళ్ళు పొయ్యని బిడ్డకి చీర తీసుకోనంది.

ఊళ్ళో చెప్పడానికి నాకు ఏడాది పట్టింది. అన్నయ్య చెల్లెల్ని కదా. వినీల్ మొదటి పుట్టినరోజు చల్లపల్లిలోనే చేశారు. వీధి మొత్తం వచ్చింది, జయదేవ్ తల్లీ తండ్రీ వచ్చారు. లహరిని గోడవారన దిండ్ల మధ్య కూర్చోబెట్టారు, ఫొటోల్లో పడకుండా. వదిన బొబ్బట్ల పళ్ళెం పట్టుకుని తిరుగుతూ, పక్కింటి కోడలితో మళ్ళీ ఆ మాట అంది. ఆ కోడలు ఏడో నెల కడుపుతో ఉంది. నీళ్ళు పోయడానికి ఎవరిని పిలిచినా పర్లేదు గానీ ఆవిడని మాత్రం పిలవకు అని చెబుతోంది.

"ఆ మాట తప్పు వదినా," అన్నాను. నా గొంతు క్లాసులో పలికినట్టే పలికింది, అందరూ ఇటు తిరిగారు. "లహరి తొలిచూలు కాదు. ముందొకటి ఆషాఢంలో ఈ ఇంట్లోనే పోయింది. అప్పుడు డాక్టరుకి చూపించలేదు. తర్వాత డాక్టర్లు అడిగితే అబద్ధం చెప్పాం. లహరి కామెర్లు ముందు చూసింది సంపూర్ణమ్మ. అవి ఏమీ కావని చెప్పింది నేను."

వదిన చేతిలో పళ్ళెం అలాగే ఉండిపోయింది. అన్నయ్య గోడ గడియారం వైపు చూశాడు. అందరూ జయదేవ్ తల్లి మొహంలోకి చూస్తున్నారు. ఆరేళ్ళుగా మేం ఎవరికి భయపడి అన్నీ దాచి, ఒక మనిషిని బజారున పడేశామో ఆవిడ వైపు. ఆవిడ కొంగు సవరించుకుంది. జయదేవే మాట్లాడాడు.

"మాకు తెలుసు పిన్నిగారూ. లహరికి ఏడాది నిండకముందే నాగవల్లి నాకు చెప్పింది. నేను అమ్మకి చెప్పాను. మీరంతా దాచుకుంటున్నారు కదా, ఎత్తి చిన్నబుచ్చడం ఎందుకని ఊరుకున్నాం."

మర్యాదస్తులు. మేం వాళ్ళకి తెలియకూడదని దాచాం. వాళ్ళకి తెలుసని మాకు తెలియకూడదని వాళ్ళు దాచారు. అందరూ అన్నీ తెలిసినవాళ్ళే. ఆ మర్యాదంతా సంపూర్ణమ్మ పొట్ట కొట్టి నిలబెట్టుకున్నది. నాగవల్లి వెళ్ళి లహరిని గోడవార నుంచి ఎత్తుకుని ఫొటో తీసేచోట కూర్చుంది. వచ్చినవాళ్ళు బొబ్బట్లు చాలా బాగా కుదిరాయన్నారు. అన్నయ్య నాతో ఆరు నెలలు మాట్లాడలేదు. ఇల్లు ప్రశాంతంగా ఉంది.

పక్కింటి కోడలికి ఆ తర్వాత రెండు నెలలకి ఆడపిల్ల పుట్టింది. ఒకరోజు స్కూలుకి వెళ్తూ వాళ్ళ పెరటి గోడ మీంచి చూస్తే, పీట మీద కాళ్ళు బారజాపుకుని సంపూర్ణమ్మ ఉంది. గిన్నెలు తోమి తోమి వేళ్ళు పగిలిపోయాయి. వాటికి నూనె రాసుకుని మెత్తబరచుకుంటోంది, బిడ్డకి గరుకు తగలకుండా. ఆ ఇంటి పెద్దావిడ పసుపు గిన్నె తెచ్చి పక్కన పెట్టింది. సంపూర్ణమ్మ దాన్ని మోచేత్తో అవతలికి జరిపి, బిడ్డని ఎండలో పట్టుకుని నుదుటి మీద నొక్కి చూసింది. పెద్దావిడ గిన్నె తీసుకుని లోపలికి వెళ్ళిపోయింది.

నన్ను చూసి లహరి ఎలా ఉందని అడిగింది. గోడ పట్టుకుని నిలబడుతోందని చెప్పాను. ఊళ్ళో చెప్పానని కూడా చెప్పాను. తెలిసిందన్నట్టు తల ఊపింది. మెచ్చుకుంటుందని నేను ఆగాను కాబోలు, కదల్లేదు.

"నా తప్పు కూడా ఉంది టీచరమ్మా," అంది బిడ్డ మీద నుంచి చూపు తిప్పకుండా. "గురువారం మీ వదినగారు రాయమంటే పసుపు రాశా. మాట పడలేక రాశా. రాయకుండా ఉంటే ఆ శుక్రవారమే కనపడేది. నేను ఒక పొద్దు పోగొట్టా."

మా ఇంట్లో ఇంతమందిమి ఉన్నాం. ఎవరూ అడక్కుండా తన తప్పు ఇంత అని చెప్పిన మనిషి ఆవిడొక్కతే. అందులో కూడా నా వాటా ఎత్తకుండా వదిలేసింది. ఆ గురువారం పసుపు మెత్తగా కలిపి, గిన్నె తెచ్చి ఆవిడ చేతికిచ్చింది నేను.